రాతిరథం చాలు.. ఇక మామ్మగారి ఫోటో తీద్దాం

విలేకరి ఉద్యోగంలో వార్తలతో పాటు ప్రకటనలూ చూసుకోవాలి. వాటిలో శ్రద్ధాంజలి ప్రకటనలు ఎక్కువ. ఇంట్లో పెద్దాయన పోయి వారం అవుతుంది. కొడుకో మనవడో వస్తాడు. పేరు, ఊరు, పెద్దకర్మ తేదీ అన్నీ చీటీ మీద రాసుకుని మరీ తెస్తాడు. ఫోటో ఏదీ అంటే మాత్రం ఫోన్ తీసి వెతకడం మొదలుపెడతాడు. పది నిమిషాలు వెతికినా ఒక్కటి సరైంది దొరకదు. చివరికి చాలాసార్లు ఆధార్ కార్డు మీది ఫోటోనే గతి. వేలిముద్రలు పడక నాలుగుసార్లు తిరిగి తిరిగి విసిగిపోయి కూర్చున్న ముసలాయన ముఖం అది. లేదంటే మనవరాలి పెళ్ళి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించిన తల. భుజం మీద ఎవరిదో చెయ్యి ఉంటుంది, చెవి పక్కన ఎవరిదో జడ కనిపిస్తుంది. దాన్నే పెద్దది చేయించి, వెనక నీలం రంగు వేయించి, ఫ్రేము కట్టించి దండ వేస్తున్నాం. యాభై అరవై ఏళ్ళు ఒక కుటుంబాన్ని నిలబెట్టిన మనిషికి గోడ మీద మిగిలే ముఖం అదీ.

ఇది అన్ని ఊళ్ళలోనూ ఉన్నదే కదా అనొచ్చు. ఉన్నదే. కానీ తుంగభద్ర కాలువల కింద ఉన్న మన తెలుగు క్యాంపుల సంగతి వేరు. డ్యాం 1953లో పూర్తయింది. ఎడమ కాలువకు నీళ్ళొచ్చాక గంగావతి, కారటగి, సింధనూరు వైపు, ఇటు సిరుగుప్ప వైపు కోస్తా జిల్లాల నుంచి మనవాళ్ళు వచ్చి భూములు కొన్నారు. తుమ్మలు కొట్టి, మెరకలు చదును చేసి, వరి వేశారు. అంతకుముందు జొన్నలు పండిన నేల. వాళ్ళు దిగిన చోటల్లా ఒక క్యాంపు వెలిసింది. శ్రీరామనగర్ లాంటివి ఇప్పుడు పెద్ద ఊళ్ళే. పాతికేళ్ళ వయసులో రైలు దిగి ఎడ్లబండి ఎక్కిన ఆ తరంలో ఇంకా మిగిలినవాళ్ళు ఎందరు? ఒక్కో క్యాంపులో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఎనభై దాటినవాళ్ళే అందరూ. వాళ్ళు పోతే ఈ ఊళ్ళు ఎలా పుట్టాయో చెప్పేవాళ్ళూ ఉండరు, చూపించడానికి ఓ ఫోటో కూడా ఉండదు. ఆ రోజుల్లో ట్రంకుపెట్టెలు తెచ్చుకున్నారు గానీ కెమెరాలు తెచ్చుకోలేదు కదా!

మరి కెమెరాలు లేవా అంటే, ఇప్పుడు బోలెడున్నాయి. ఈ రాతకు కారణం కూడా అదే.

క్యాంపులో ఏ వీధికి వెళ్ళినా ఇంజినీరింగ్ చదివిన కుర్రాడున్న ఇంట్లో బీరువా పైన ఒక నల్ల సంచీ కనిపిస్తుంది. అందులో ఎంట్రీ లెవెల్ డీఎస్ఎల్ఆర్ కెమెరా, దాంతో పాటు వచ్చిన 18-55 లెన్స్, చార్జరు. కానన్ కంపెనీ 2003లో 300డి తెచ్చి ఈ రకం కెమెరాను మొదటిసారి వెయ్యి డాలర్ల లోపు ధరకు దించింది. ఆ తర్వాత పదేళ్ళకు అది మన మధ్యతరగతి ఇళ్ళకూ వచ్చేసింది. షార్ట్ ఫిల్ముల పిచ్చి, ఫేస్‌బుక్ ప్రొఫైల్ ఫోటోల పిచ్చి కలిసి ఒక ఊపు ఊపాయి. ఇంతలో ఫోన్ కెమెరాలు బాగుపడ్డాయి. కెమెరా బీరువా ఎక్కింది. కంపెనీలూ దారి మార్చుకున్నాయి. కానన్, నికాన్ రెండూ 2018 నుంచి అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు గట్టిగా మళ్ళాయి. అదే ఏడాది వచ్చిన నికాన్ డి3500 తర్వాత ఆ వరసలో మరో మోడల్ రాలేదు. దాంతో డీఎస్ఎల్ఆర్ అంటే 'ఓల్డ్ మోడల్' అయిపోయింది. సెకండ్ హ్యాండ్‌లో అడిగే నాథుడు లేడు.

నా దగ్గరున్నదీ అలాంటిదే. కానన్ 1200డి. 2014 మోడల్. పెళ్ళిళ్ళు తీసే ఒక స్టూడియో అబ్బాయి పెద్ద కెమెరాకు మారుతూ అమ్మితే తీసుకున్నా. నేను వృత్తి ఫోటోగ్రాఫర్‌ని కాను. బీఏ చదివి పేపర్లో చేరినవాడిని. పొద్దున ఒక భాషలో ప్రెస్ మీట్ విని సాయంత్రం ఇంకో భాషలో వార్త రాసే రకం. ఫోటోగ్రఫీ నాకు ఆదివారం సరదా. అయినా మూడేళ్ళుగా ఈ కెమెరా మోస్తున్న అనుభవంతో చెబుతున్నా, ఇది పాతబడిన సరుకు కాదు. మనం దాన్ని తిప్పిన దిక్కే తప్పు.

ఏ దిక్కు తిప్పాం? హంపీ దిక్కు. ఈ ప్రాంతంలో ఎవరు కెమెరా కొన్నా మర్నాడు తెల్లారేసరికి మాతంగ పర్వతం మీద ఉంటారు. సూర్యోదయం. తర్వాత విఠ్ఠలాలయంలో రాతిరథం. సాయంత్రం హేమకూటం మీద సూర్యాస్తమయం. మధ్యలో సాణాపుర చెరువు. నేనూ తీశాను, బోలెడు తీశాను. రాతిరథం 2017లో వచ్చిన కొత్త యాభై రూపాయల నోటు మీదే ఉంది. మనం ఇంకొకటి తీయకపోతే దానికేం లోటు రాదు.

హంపీని తప్పుపట్టడం లేదు. నిజానికి ఫోటో అంటే ఏమిటో హంపీయే చెబుతుంది. విరూపాక్షాలయంలో గర్భగుడి వెనక ఒక చీకటి మంటపం ఉంది. గోడకున్న చిన్న కంతలోంచి వెలుగు వచ్చి ఎదురు గోడ మీద రాజగోపురం నీడ తలకిందులుగా పడుతుంది. మన కెమెరా లోపల జరిగేది కూడా అదే పని. అక్కడ కంత ఉన్నచోట ఇక్కడ గాజు లెన్స్, అక్కడ గోడ ఉన్నచోట ఇక్కడ సెన్సర్. అంతే తేడా. ఆ గదిలో ఐదు నిమిషాలు నిలబడితే, పుస్తకం చదివినా బుర్రకెక్కని ఎపర్చర్ సంగతి ఎక్కేస్తుంది.

ఇంకో ముచ్చట. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే ఆంగ్లేయ సైనికాధికారి హంపీని కాగితపు నెగెటివ్‌ల మీద ఫోటోలు తీశాడు. దేశంలో ఫోటోగ్రఫీ ఇంకా అంబాడుతున్న రోజులవి. ఆయన తీసిన రాతిరథం ఫోటో చూస్తే ఆశ్చర్యపోతాం. రథం మీద ఇటుకలతో కట్టిన శిఖరం కనిపిస్తుంది! ఇప్పుడు అది లేదు. 1983లో జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫోటోగ్రాఫర్ అవే చోట్ల నిలబడి మళ్ళీ తీస్తే, ఆ మధ్య కాలంలో ఏం పోయిందో ఏం మిగిలిందో పక్కపక్కనే కనిపించింది. గ్రీన్‌లా ఫోటోల విలువ అందంలో లేదు. పోబోయేదాన్ని పోకముందే తీశాడు, అదీ విలువ. రాళ్ళకు ఆ అదృష్టం దక్కింది. డెబ్బై ఏళ్ళ నాటి మన క్యాంపుల మనుషులకు దక్కలేదు.

వసారాలో అరగంట

ముఖాలు తీయడానికి ఈ చిన్న కెమెరా ఎంత పనికొస్తుందో అనుభవమైతే గానీ తెలీదు. దీనికి నేను పెట్టిన అదనపు ఖర్చు ఒకే ఒక్కటి, 50 ఎంఎం ఎఫ్1.8 లెన్స్. కానన్ లెన్సుల్లో చవకైన వాటిలో అదొకటి. 1200డి సెన్సర్ పాత ఫిల్ము రీలు చట్రం కంటే చిన్నది కాబట్టి దాని మీద ఈ లెన్స్ 80 ఎంఎం లాగా పనిచేస్తుంది. మనిషికి ఆరడుగుల దూరంలో కెమెరా నిలువుగా పట్టుకుంటే తల నుంచి నడుం దాకా వస్తుంది. ముక్కు ముక్కులాగే ఉంటుంది. ఫోన్ ముఖం దగ్గర పెట్టి తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కిపోతాయి చూడండి, ఆ బాధ ఉండదు. నికాన్ చిన్న కెమెరాలున్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. డి3000, డి5000 వరసల్లో బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. పాత 'డి' రకం లెన్స్ చవగ్గా వస్తోందని తీసుకుంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే. లెన్స్ పేరులో 'ఏఎఫ్-ఎస్' గానీ 'ఏఎఫ్-పి' గానీ ఉందేమో చూసుకోవాలి. మరీ పాత బాడీలైతే ఏఎఫ్-పి లెన్సులు కూడా పనిచేయవు, అడిగి తీసుకోవడం మంచిది.

లైట్లూ గొడుగులూ అక్కర్లేదు. మన క్యాంపు ఇళ్ళకు వసారా ఉంది. పొద్దున తొమ్మిదింటికో సాయంత్రం నాలుగింటికో వసారాలో కుర్చీ వేసి, వెలుతురు పక్కనుంచి పడేలా కూర్చోబెడితే చాలు. ఎపర్చర్ 2.8కీ 4కీ మధ్య, ఐఎస్ఓ 400. షట్టర్ 125కి తగ్గకుండా చూసుకుంటే కదిలినా ఫోటో చెదరదు. లెన్స్ మీద 1.8 అని రాసి ఉంది కదా అని అక్కడే పెట్టి తీస్తే ఒక కన్ను స్పష్టంగా వచ్చి రెండోది మసకబారుతుంది. కెమెరా మీద లేచే ఆ చిన్న ఫ్లాష్ మాత్రం వాడొద్దు. ముడతలన్నీ తుడిచిపెట్టుకుపోయి ముఖం పిండిముద్దలా వస్తుంది. పైగా కళ్ళద్దాల్లో మెరుపు. మిట్టమధ్యాహ్నం పొలంలో కూడా అంతే, కళ్ళు రెండూ గుంటల్లో పడిపోతాయి.

టెక్నిక్ ఇంతే. అసలు కష్టం మనిషిని ఒప్పించడంలో ఉంది.

'ఇప్పుడెందుకురా అబ్బాయ్ నాకు ఫోటో? పోయేదాన్ని' అంటారు మామ్మలు. ఫోటో తీస్తే ఆయుష్షు తరుగుతుందన్న నమ్మకం ఇంకా పూర్తిగా పోలేదు. భర్త పోయిన ఆడవాళ్ళైతే అసలు ముందుకు రారు. పెళ్ళిలో వీడియో లైటు పడగానే స్తంభం వెనక్కి జరిగే మనుషులు వాళ్ళే. అందుకే వాళ్ళ ఫోటోలు ఏ ఆల్బమ్‌లోనూ ఉండవు. అలాంటివాళ్ళ దగ్గర కెమెరా బయటికి తీయకముందు అరగంట కూర్చోవాలి. ఏ ఊరు నుంచి వచ్చారు, ఎకరం ఎంతకు కొన్నారు, మొదటి పంటకు ఏమైంది అని అడిగితే చాలు, వాళ్ళే చెప్పుకుపోతారు. ఒక మామ్మగారు అలాగే మాట్లాడుతూ మాట్లాడుతూ, 'ఉండు, చీర మార్చుకొస్తా' అని లోపలికెళ్ళారు. ఆవిడ వచ్చి కూర్చున్నాక నాలుగు ఫోటోలు తీశాను. నాలుగోదానికి నవ్వారు. వారం తర్వాత ప్రింటు తీసుకెళ్ళి ఇస్తే ఆవిడ ముందు చూసుకున్నది ముఖం కాదు, చీర అంచు బాగా వచ్చిందా లేదా అని!

ఇక్కడ డీఎస్ఎల్ఆర్‌తో ఒక మేలుంది, నా అనుభవంలో ఫోన్‌కు లేనిది. ఫోన్ ఎత్తితే మన పెద్దలకు అది వీడియో కాల్ అనిపిస్తుంది. 'ఎవరూ, చిన్నోడా?' అని తెరలోకి తొంగిచూస్తారు. కెమెరా ఎత్తితే నిటారుగా కూర్చుంటారు. లోపల అద్దం లేచి 'ఠక్' మని శబ్దం అవగానే పని అయిపోయిందనుకుని వదులవుతారు. ఆ వదులైన క్షణంలో ఇంకొకటి నొక్కాలి. మంచి ఫోటోలు చాలామటుకు అప్పుడే వస్తాయి.

ఫోన్ చాలదా అని అడిగేవాళ్ళకు నిజాయితీగా జవాబు చెప్పాలి. పట్టపగలు, వాట్సప్‌లో పంపడానికి, ఫోన్ చాలు. చాలా సందర్భాల్లో ఈ పాత కెమెరా కంటే బాగానే తీస్తుంది, రాత్రిపూట మరీను. ఎక్కడ తేడా వస్తుందంటే ప్రింటు దగ్గర. 1200డి ఫోటోలో పొడవున 5184, వెడల్పున 3456 చుక్కలుంటాయి. స్టూడియోలో 12x18 సైజుకు వేయిస్తే అంగుళానికి 288 చుక్కలు వస్తాయి. గోడకు తగిలించే పెద్ద ఫ్రేముకు అది నిండుగా సరిపోతుంది. వాట్సప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది. 2023లో హెచ్‌డీ పద్ధతి వచ్చింది గానీ అదీ అసలు ఫైలు కాదు, వాడేవాళ్ళూ తక్కువే. శ్రద్ధాంజలి ప్రకటనకు నా దగ్గరికి వచ్చే ఫోటోలు పది చేతులు మారిన వాట్సప్ ఫోటోలే. కళ్ళ దగ్గర గళ్ళు గళ్ళుగా ఉంటాయి. ఇంకా చెప్పాలంటే ఫోన్ రెండేళ్ళకోసారి మారుతుంది, నీళ్ళలో పడుతుంది, పోతుంది. కెమెరా కార్డులోంచి ఫోటోలు దించాలంటే ఏదో ఒక కంప్యూటరులోకి దించక తప్పదు. ఆ ఇబ్బందే వాటిని కాపాడుతుంది.

కిట్ లెన్స్ పనికిరాదు, ఫుల్ ఫ్రేమ్ ఉంటేనే ఫోటోగ్రఫీ అనే కబుర్లు మన కుర్రాళ్ళ నోట తరచూ వింటుంటాను. ఈఎంఐ మీద లక్షన్నర కెమెరా కొని, మళ్ళీ రాతిరథం దగ్గరికే వెళ్తారు! కిట్ లెన్స్ పగటి వెలుగులో ఎఫ్8 దగ్గర చక్కగా పనిచేస్తుంది. అది చేతులెత్తేసేది చీకట్లో. బళ్ళారి రాఘవ కళామందిరంలో నాటకం తీయాలంటే కష్టమే. వెనక వరసలోంచి జూమ్ చేస్తే 5.6 కన్నా ఎపర్చర్ తెరుచుకోదు. ఐఎస్ఓ 3200కు పెంచితే నల్లని తెర మీద ఇసుక చల్లినట్టు వస్తుంది. ఆ పని వృత్తివాళ్ళకు వదిలేద్దాం. వసారాలో కుర్చీకి అవేవీ అడ్డు రావు.

పాత కెమెరా కొనేవాళ్ళకు రెండు మాటలు. లెన్స్‌ను వెలుతురుకు ఎత్తి చూడండి, లోపల సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే వద్దనండి. ఎపర్చర్ 16 పెట్టి తెల్లగోడను ఒక ఫోటో తీయించండి. నల్ల చుక్కలుంటే సెన్సర్ మీద దుమ్మున్నట్టు. మన ప్రాంతంలో ఇది మామూలే, రైస్ మిల్లుల ఊక దుమ్ము ఊరికే పోదు. కోతల సీజన్లో బయట లెన్స్ మార్చొద్దు. వానాకాలంలో సంచీలో సిలికా జెల్ పొట్లాలు రెండు పడేసి ఉంచాలి.

ఎవరి ఫోటోలు?

ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. క్యాంపుల చరిత్ర అనగానే భూములు కొన్న కుటుంబాల చరిత్రే అనుకుంటాం. వాళ్ళకు ఎంతో కొంత ఆల్బమ్‌లు ఉన్నాయి. కనీసం పెళ్ళి ఫోటో ఒకటుంటుంది, నల్లకోటు, చేతికి వాచీ కనిపించేలా. కానీ వాళ్ళ వెంట కుప్పలు నూర్చడానికి, నాట్లు వేయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కూలీ కుటుంబాలున్నాయి. ఆ చివరి వీధిలో ఎనభై ఏళ్ళ మనిషికి ఓటరు కార్డు తప్ప ఇంకో ఫోటో లేదు. తుమ్మలు కొట్టిన చేతులు వాళ్ళవీ కదా. క్యాంపు పుట్టుక గురించి వాళ్ళు చెప్పే కథ రామాలయం అరుగు మీద వినే కథకు కాస్త వేరుగా కూడా ఉంటుంది. కెమెరా పట్టుకున్నవాడు ఆ వీధికి ముందు వెళ్ళాలి, ఆఖరున కాదు. అలాగే ఈ నేలమీద మనకంటే ముందున్న కన్నడ రైతులు. మనకు భూమి అమ్మినవాళ్ళూ, మొదటి ఏడాది జొన్నరొట్టె పెట్టినవాళ్ళూ. వాళ్ళ పెద్దల ముఖాలు లేకుండా మన ఆల్బమ్ సగమే.

కన్నడలో ఇలా మనిషిని కూర్చోబెట్టి తీసిన ఫోటోను 'భావచిత్ర' అంటారు. దరఖాస్తుల్లో పాస్‌పోర్టు సైజుకు కూడా అదే మాట. మనం ఛాయాచిత్రం అంటాం, వాళ్ళు భావచిత్రం అంటారు. మాట వాళ్ళదే బాగుందని నాకెప్పుడూ అనిపిస్తుంది.

తీసిన ఫోటో ఫేస్‌బుక్‌లో పెట్టడానికి తొందర వద్దు. వసారాలో నమ్మి కూర్చున్న మనిషి ముఖం మీద కింద ఎవరెవరో కామెంట్లు రాయడం న్యాయం కాదు. ముందు ప్రింటు వేయించి వాళ్ళ చేతిలో పెట్టాలి. కుటుంబం సరేనంటే తర్వాత చూసుకోవచ్చు. డబ్బు తీసుకోవద్దని కూడా నా మాట. తీసుకుంటే స్టూడియో అబ్బాయి కడుపు కొట్టినట్టవుతుంది. ఒకటే పని, ప్రింటు అతని దగ్గరే వేయించండి. సరుకంతా ఆన్‌లైన్లో కొంటున్న రోజుల్లో అతనికీ నాలుగు పెద్ద సైజు ఆర్డర్లు దొరుకుతాయి.

శ్రీరామనవమికి దాదాపు ప్రతి క్యాంపులో పందిరి వేస్తాం, చందాలు వసూలు చేస్తాం. హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి, అమెరికా నుంచి పిల్లలు వస్తారు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క సాయంత్రం బీరువాల మీది నల్లసంచీలు కిందికి దించి, రామాలయం వసారాలో కుర్చీ ఒకటి వేస్తే క్యాంపులో పెద్దలందరి ఫోటోలు పూర్తవుతాయి. రాలేనివాళ్ళ ఇళ్ళకు మర్నాడు వెళ్ళొచ్చు. ఖర్చు మైకు సెట్టు అద్దె కంటే ఎక్కువ కాదు. కమిటీవాళ్ళు ఆలోచించాలి.

ప్రింటు వెనక పేరు, పుట్టిన ఊరు, క్యాంపుకు వచ్చిన ఏడాది, ఫోటో తీసిన తేదీ రాయాలి. రెండు లిపుల్లో రాయాలి. మన పిల్లలు కన్నడ మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతున్నారు. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడతారు గానీ, తాత పేరు తెలుగులో రాసి ఉంటే కూడబలుక్కోవడం కూడా రాని వాళ్ళు సగం మంది. తెలుగు పైన, కన్నడ కింద. బాల్ పెన్‌తో నొక్కి రాస్తే ముందువైపు ముఖం మీద గీత తేలుతుంది. సీడీల మీద రాసే మార్కరుతో అంచు వెంట తేలిగ్గా రాసి, బాగా ఆరాకే ఫ్రేములో పెట్టాలి.